వంతెన కింద నాచు

మా వయోమింగ్ కొండల్లో ఏటి నీళ్ల తగాదా తాతల నాడే తేలిపోయింది. ముందొచ్చి కాలువ తవ్వుకున్నవాడికి ముందు నీళ్లు, వెనకొచ్చినవాడు ఆకాశం చూడాల్సిందే. ముందొచ్చిన వాళ్లంతా కింది లోయలో ఉన్నారు. ఏట్లో ప్రవాహం నలభై క్యూసెక్కుల కంటే తగ్గితే వెనకొచ్చిన వాళ్ల తూములు మూసి తాళం వేస్తారు. నీటి శాఖ తరఫున వేసేది నేనే. ఆ వెనకొచ్చిన వాళ్లలో ఆఖరివాడు మా అమ్మ తమ్ముడు డెల్మర్.

ఈ ఏడు కొండల మీది మంచు మే నెలకే కరిగిపోయింది. మామయ్య లూసర్న్ గడ్డి రెండో కోతకు రావాలంటే ఇంకొక్క తడి కావాలి. ఆ కోత చేతికందకపోతే చలికాలం ఆవులకు మేత ఉండదు, మంద మొత్తం అమ్ముకోవాలి. అందుకే పొద్దున లేస్తూనే ఫోనులో ఏటి వంతెన దగ్గరి ప్రవాహం కొలత చూసుకునేవాడు. నలభై రెండు. నలభై ఒకటి. మళ్లీ నలభై రెండు. చర్చిలో కూడా చూస్తుంటే అత్తయ్య మోచేత్తో పొడిచిందట.

నాకు మాత్రం ఆ అంకె మీద నమ్మకం లేదు. వంతెన దగ్గరి యంత్రం చూసేది నీటి ఎత్తునే, దాన్ని బట్టి ప్రవాహం లెక్క కడుతుంది. ఎండలకు ఏట్లో నాచు దట్టంగా పెరిగి నీటిని ఎత్తి పట్టింది. ఎత్తు ఉంది గానీ అన్ని నీళ్లు లేవు. పట్నం నుంచి కొలిచే మనిషి వచ్చి, ఏట్లో దిగి లెక్క సరిచేసేదాకా యంత్రం చెప్పిందే చట్టం. అతను వచ్చేది పై వారం. నాచు సంగతి ఆఫీసుకు రాసి పంపాను, అది నా పని. మామయ్యకు చెప్పలేదు. కొలిచే మనిషి వచ్చేలోగా ఆ గడ్డి గట్టెక్కాలని దేవుణ్ణి వేడుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మామయ్య ఛాతీదాకా బురదతో, చేతిలో ఇనప పళ్ల గొర్రుతో మా ఇంటి ముందు దిగాడు. ముఖం వెలిగిపోతోంది.

“ఏమే మార్నా! జీతాలు తీసుకుని కూచుంటారు గానీ ఏట్లో అంత నాచుంటే ఒక్కడికీ పట్టదేం? నీళ్లకు దారే లేదు. వంతెన కిందంతా పీకి పారేశా. పోయి చూడు, ఎట్లా ఉరుకుతున్నాయో!”

ఫోను తీసి చూశాను. ముప్పై అయిదు.

ఆయనా తొంగి చూశాడు. “ఇదేంటే? పైన ఎవడో దొంగచాటుగా మళ్లించాడు!”

“ఎవడూ మళ్లించలేదు మామయ్యా. నాచు నీళ్లను ఆపి ఎక్కువ చూపించింది. అది పీకేశావు. ఉన్నవి ఇంతే.”

మెట్టు మీద కూలబడ్డాడు. “నీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“నాకో మాట చెప్పొచ్చు కదే?”

“ఏమని? నాచు ముట్టుకోకు, కిందివాళ్ల నీళ్లు వాడుకో అనా?”

“అంతా మీ అమ్మ పోలికే,” అన్నాడు. అది తిట్టో మెచ్చుకోలో నాకు తెలియలేదు.

కింది లోయవాళ్లూ ఫోను చూసుకుంటూనే ఉంటారు. నీళ్లు మావి, తూములు మూయమని కాసేపటికే కబురొచ్చింది.

మామయ్య తూము చక్రం బిగుసుకుపోయి నాకు తిరగలేదు. “జరుగు, నీవల్ల కాదు,” అని ఆయనే తిప్పాడు. కాలువ సన్నబడి ఆగిపోయింది. నేను గొలుసు చుట్టి తాళం వేశాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

“మళ్లీ నాచు ఎప్పటికి పెరుగుద్దే?”

“చలి వచ్చేలోగా పెరగదు.”

తల ఊపాడు. పశువుల వ్యాపారికి ఫోను కలపమన్నాడు. ఆయన చేతులు బురదగా ఉన్నాయని నేనే కలిపి చెవి దగ్గర పెట్టాను.

“మందంతా,” అన్నాడు. “దూడలతో సహా.”