అక్క గొంతున్న డిస్కు

"అక్క నోరు ఎవరో మూసేస్తున్నార్రా," అంది అమ్మ.

మధ్యాహ్నం భోజనమయ్యాక రోజూ చేసే పనే చేస్తోంది. పోయిన అక్క గొంతు వింటోంది. ఆస్పత్రి మంచం మీద నుంచి అక్క పంపిన నలభై నిమిషాల రికార్డింగు. మాకు మిగిలింది అదొక్కటే. ధైర్యం చాలక నేను మూడేళ్లుగా ఒక్కసారీ వినలేదు.

"నీ చెవులకు వయసైంది," అని కసిరాను. కసరనా మరి? డిస్కుల్ని చదివే డ్రైవర్ ప్రోగ్రాం రాయడమే నా ఉద్యోగం. ఆఫీసులో రాసిన డ్రైవరే ఇంట్లోనూ వేశాను. ఒకే రికార్డింగు రెండు డిస్కుల్లో ఉంది, ఒకటి చెడితే రెండోది ఆదుకోవడానికి. పైగా ప్రతి ముక్కకూ ఒక చెక్‌సమ్, అంటే ఆ ముక్కను బట్టి కట్టిన గుర్తు సంఖ్య. ముక్క రవ్వంత మారినా సంఖ్య కలవదు.

అమ్మ చెప్పిన చోట సరిచూశాను. అక్కడి సంఖ్యలన్నీ కలిశాయి. అయినా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే, "చిన్నోడికి చెప్పమ్మా..." అంది అక్క. ఆ తర్వాత ఒకటే గరగర.

రెండ్రోజులు కోడ్ ముందు కూర్చుంటే దొరికింది. దొంగను నేనే. సంఖ్య కలవకపోతే రెండో డిస్కు నుంచి మంచి ముక్క తెచ్చుకోవాలి. నేనేమో మొదటి డిస్కులో ఏముంటే అదే నిజమని, దానికే కొత్త సంఖ్య కట్టి, రెండోదాని మీద రాయించేశాను. కరెంటు పోయొచ్చినప్పుడు మొదటిదే తాజాగా ఉంటుందన్న అతితెలివి. "ముందు ఏది బాగుందో చూడవయ్యా," అని మా ఆఫీసు పెద్దాయన అప్పుడే చెప్పాడు. "చూశాలెండి," అన్నాను. నా మొహం చూశాను! కంచే చేను మేసింది.

అదీ ఆ ముక్కను వినడానికి చదివినప్పుడే జరుగుతుంది. అమ్మ విన్న మాటలే చెరిగిపోయాయి. ఎక్కువ ఇష్టపడి విన్నవి ముందు పోయాయి.

దాచలేకపోయాను. "నేనే పాడుచేశానమ్మా," అని ఏడ్చాను.

"చివర్న దగ్గొస్తుంది చూడు, అక్కడ ఆపేస్తాను. ఆ తర్వాతది నేనెప్పుడూ వినలేదురా," అంది అమ్మ.

విననిది రెండో డిస్కులో చెక్కుచెదరకుండా ఉంటుంది! కోడ్‌లోని తప్పుడు వరుస తీసేసి, మొదటి డిస్కు ఊడబీకి, రికార్డింగు చివరి భాగం పెట్టాను.

దగ్గు. ఆగని దగ్గు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత, పక్క కుర్చీలో ఉన్నంత స్పష్టంగా, అక్క.

"అమ్మ దగ్గు దగ్గరే ఆపేసుంటుంది. తన సంగతి నాకు తెలీదూ? ఒరే చిన్నోడా, నువ్వైనా వింటున్నావా?"

అమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"చెప్పరా, అడుగుతోంది."