అవ్రల బెండు మీద చుక్కలు

ఎల్దిబిర్ రేవులో వలలు అల్లేవాళ్లు పదిమంది ఉంటారు గానీ, అల్లడం తెలిసినది మాత్రం అవ్రల ఒక్కతే. ఈ మాట అన్నది ఎవరో కాదు, అవ్రలే. కాదనే ధైర్యం రేవులో ఎవరికీ లేకపోయింది, ఎందుకంటే అది నిజం. ఆవిడ ముడి వేసిందంటే నిలువెత్తు సొర గింజుకున్నా ఊడేది కాదు. ఎవరైనా పక్క ఊళ్లో వల అల్లించుకొచ్చి ఆవిడ ఎదుట ఆరబెడితే, వల కన్ను ఒకటి వేలికి తగిలించి లాగి చూసి, "ఇది వలా, మేకని కట్టే తాడా?" అని నలుగురూ వినేటట్టు అడిగేది.

ఊరందరికీ అల్లినా, తన ఇంటి పడవకి అల్లిన వలకి మాత్రమే గుర్తు వేసేది. వలని నీటి మీద తేల్చే ప్రతి కొయ్య బెండు మీదా, పుట్టింటివాళ్లు ఒంటెలకి వేసే వాతే వేసేది: ఒక అడ్డగీత, దాని కింద కొక్కెం. కొక్కెం కింద ఎర్రగా కాల్చిన చువ్వతో చుక్కలు. మొదటి వలకి ఒక చుక్క, రెండో వలకి రెండు. అవి అందానికనుకునేవాళ్లు ఊళ్లో చాలామంది. ఆ అనుకునేవాళ్లలో ఆవిడ కొడుకు సమతర్ కూడా ఉన్నాడు. చిన్నప్పుడు వల పక్కన కూర్చోమంటే, ఆడవాళ్ల పని నాకెందుకని తెరచాప దగ్గరికి పరిగెత్తేవాడు.

ఆ ఊరి పిల్లలు తాతముత్తాతల పేర్లు ఇరవై తరాల దాకా తడుముకోకుండా అప్పజెబుతారు. అవ్రల తన వలల్ని అలా అప్పజెప్పేది. తొమ్మిదో వల దాకా అన్నీ ముసలివై పోయినవే. పదోదాని దగ్గర్నుంచి ఒక్కటీ దాని చావు అది చావలేదు. దేశంలో సర్కారు పడిపోయాక పరాయి దేశాల ఇనుప ఓడలు గుట్టల్లా వచ్చి, గట్టు కనిపించేంత దగ్గర్లో సముద్రం అడుగు గీకి పోతూ, దారికి అడ్డొచ్చిన వలల్ని ఈడ్చుకుపోయేవి. పెద్ద అల వచ్చిన ఏడు సముద్రం చేపలకి బదులు ఇనప పీపాలు ఒడ్డుకి తెచ్చిపోసింది. వాటిని ముట్టుకున్నవాళ్ల చేతులు పుండ్లు పడ్డాయి. ఊరి పెద్ద బుల్హాన్ ఫిర్యాదు రాయడానికి కూర్చుని, పైన ఎవరి పేరు రాయాలో తెలియక కలం కింద పెట్టేశాడు.

ఇరవై మూడో వల పోయిన రోజు అవ్రల మొగుడు ఎగే తెగిన తాడు చేత్తో పట్టుకుని, పడవ వేసుకుని ఆ ఓడ పక్కకి పోయి అరిచాడు. పైనుంచి సలసలా కాగే నీళ్లు పోశారు. భుజం నుంచి బొడ్డు దాకా చర్మం ఊడిపోయింది. ఎనిమిది నెలలు మంచం మీదున్నాడు. ఆ మంచం పక్కనే కూర్చుని అవ్రల ఇరవై నాలుగో వల మొదలుపెట్టింది. నూలు కండె అతని చేతికిచ్చేది, ఏదో ఒక పని చేస్తున్నానని అతననుకోవాలని. "ఇది సమతర్‌కి" అనేవాడు ఎగే. అది పూర్తయ్యేసరికి ఆయన లేడు. సమతరేమో తండ్రిని పాతిపెట్టి వచ్చిన వారానికే, ఓడల్ని పట్టే కుర్రాళ్లతో కలిసి తుపాకీ పట్టాడు. వల వెనక గది గోడకి వేలాడుతూ ఉండిపోయింది. తీసుకోమని కొడుకుని బతిమాలే మనిషి కాదు అవ్రల. రోజూ దులిపేది, అంతే.

ఆ ఉదయం ఆవిడ ఒడ్డున ఎవరిదో చిరుగు కుడుతుంటే సమతర్ ఇసుక ఎగజిమ్ముకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"హోయో, అమ్మా! లే, లే! ఊరి సభ నిన్ను పిలుస్తోంది."

"నన్నా? ఏం, ఊళ్లో మగాళ్లందరికీ నోళ్లు పడిపోయాయా?"

"వేళాకోళం కాదమ్మా. నిన్న మేం పట్టుకొచ్చిన చెక్క ఓడ ఉంది చూడు, యెమెన్ వాళ్లది, తొమ్మిదిమంది. దాని వలలో నీ బెండు దొరికింది. నీ వాత ఉన్న బెండు! మన వలలు తెంపింది వాళ్లే. నువ్వొచ్చి నాదేనని ఒక్క మాట చెప్పు చాలు, ఓడ మనది, మనుషులు మన చేతిలో ఉంటారు."

ఎల్దిబిర్ సభలో ఏనాడూ ఆడది మాట్లాడలేదు. అవ్రల చేతిలో పని కింద పెట్టేసి, "నా బెండా? ఎన్ని చుక్కలు?" అంది.

"చుక్కలెవడు లెక్కపెట్టాడు? నీ వాత నాకు తెలీదా ఏంటి!"

"సర్లే, పద. ముందు మంచి బట్ట కట్టుకోనీ. సభకి చేపల కంపుతో రమ్మంటావా?"

పక్క ఊళ్ల కుర్రాళ్లు దారిన పోయే ఏ ఓడ కనబడితే ఆ ఓడని పట్టేవాళ్లు, మనుషుల్ని నెలల తరబడి కట్టిపడేసేవాళ్లు. ఎల్దిబిర్‌లో ఆ పప్పులుడకవు. మనకి చెరుపు చేసిన ఓడే అని సభలో రుజువు కావాలి, లేకపోతే వదిలెయ్యాలి. ఇది బుల్హాన్ పెట్టిన కట్టు. దొంగ రుజువు తెచ్చినవాడికి మూడేళ్లు సభలో నోరెత్తే హక్కు ఉండదు. మాట లేని మగవాణ్ణి ఆ ఊళ్లో మనిషి కింద జమకట్టరు. ఈ కట్టు ఉందని చెప్పుకోవడం ఊరికి గర్వం, అందరికంటే ఎక్కువ అవ్రలకి గర్వం. చేపలమ్మడానికి పక్క ఊరు పోయినప్పుడల్లా, "మాది దొంగల రేవు కాదమ్మా" అని అడగనివాళ్లకి కూడా చెప్పొచ్చేది.

బావి పక్కన పాత తెరచాప పందిరి కింద సభ కూర్చుంది. మధ్యలో ఓడ వల కుప్ప పోసి ఉంది. ఒక పక్క తొమ్మిదిమంది యెమెనీలు, పెదాలు ఎండిపోయి, కిందికి చూస్తూ. అవ్రల రాగానే గుసగుసలు లేచాయి. వెనక నుంచి ఎవడో, "ఇక వంట కూడా సభలోనే చేస్తారు కాబోలు" అన్నాడు.

"నీకు వండిపెట్టే ఖర్మ నాకు పట్టలేదు లేరా, అది నీ పెళ్లాం అనుభవిస్తోంది" అంది అవ్రల వెనక్కి తిరగకుండానే. సభ గొల్లుమంది.

బుల్హాన్ కర్ర నేలకి కొట్టాడు. "చాలు. అవ్రలా, రామ్మా. చూసి చెప్పు. నువ్వు చెప్పిందే మాట."

ఆవిడ ముందుగా వల దగ్గర కూర్చుంది. సముద్రం అడుగు గీకే వల కాదది, చేత్తో వేసే వల. పదిచోట్ల అతుకులు. అతుకులు ఎంత అధ్వానంగా ఉన్నాయంటే ఉండబట్టలేక, తనకొచ్చిన వచ్చీరాని అరబ్బీలో, "ఎవరు కుట్టార్రా దీన్ని? కళ్లు మూసుకుని కుట్టారా?" అని అడిగింది.

ఆ ఓడ నడిపే, గడ్డం నెరిసిన సరంగు తలెత్తాడు. అతని పేరు సాలిమ్. "నేనేనమ్మా. మా ఇంటిది కుట్టిందైతే బాగుండేది. తను అల్లిన వలని ఆ పెద్ద ఓడలు ఈడ్చుకుపోయాయి. మా దగ్గర చేపలు లేకనే ఇంత దూరం వచ్చాం. రావడం తప్పే. కానీ నీ వల మేం తెంపలేదు."

"అబద్ధం!" సమతర్ లేచాడు. "అమ్మా, బెండు చూడు నువ్వు."

బెండు చేతికిచ్చాడు. అడ్డగీత, కొక్కెం. తనదే. బొటనవేలు దానంతటదే చుక్కల మీదికి పోయింది. ఒకటి, రెండు, మూడు. ఇరవై దాటి ఇరవై మూడు దగ్గర, ఎగే నీళ్లు పోయించుకున్న వల దగ్గర, వేలు ఆగాలి. ఆగలేదు. ఇంకొక చుక్క తగిలింది.

అవ్రల మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై నాలుగు. వాసన చూసింది. ఉప్పు లేదు, ఇంకా కాల్చిన కొయ్య వాసనే వస్తోంది. బెండుకున్న తాడు కొస నున్నగా, తెల్లగా, కత్తితో ఒక్క వేటుకి కోసినట్టుంది.

ఎనిమిది నెలల మంచం పక్కన అల్లిన వల. ఆయన చేతిలో కండె. దాన్ని ఒక్కనాడూ నీళ్లలో వెయ్యని వాడు, దాంతో చేసిన మొదటి పని ఇదా!

కొడుకు మొహం చూసింది. వాడు ఏం తెలియనివాడిలా, నవ్వుతూ, గర్వంగా తననే చూస్తున్నాడు. వాడి వెనక పదకొండుమంది కుర్రాళ్లు తుపాకుల మీద చేతులేసి నిలబడ్డారు. 'నాదే' అంటే చాలు. అబద్ధం కూడా కాదు. ఎగే ఒంటి మీద కాలిన చర్మం గుర్తొచ్చింది. ఎవడో ఒకడు దానికి జవాబు చెప్పాలి కదా అని ఒక క్షణం నిజంగానే అనిపించింది. ఎదురుగా సాలిమ్ చేతులు కనిపించాయి. తాడు ఒరిసి ఒరిసి కాయలు కాసి, అచ్చం ఎగే చేతుల్లాగే ఉన్నాయి.

"ఈ బెండు నాదే" అంది అవ్రల.

కుర్రాళ్లు కేకలేశారు. ఒకడు సాలిమ్ భుజం పట్టుకుని లేపబోయాడు.

"ఎవర్రా అది? కూర్చో! నేను ఇంకా చెప్పడం పూర్తి కాలేదు." గొంతు రేవు దాకా వినిపించింది. "నా వలలు చెబుతాను, వినండి. పదోది తూర్పు రాళ్ల దగ్గర పోయింది, పట్టపగలు. పదకొండు, పన్నెండు ఒక్క వారంలో పోయాయి. పదిహేనోది ఈద్ రోజున." ఒక్కొక్కటే చెప్పుకుపోయింది, ఎక్కడ పోయింది, ఏ రంగు ఓడ తీసుకుపోయింది. "ఇరవై మూడోది ఎలా పోయిందో మీకు తెలుసు. ఆయన్ని మోసింది మీరే. ఈ బెండు మీద చుక్కలు ఇరవై నాలుగు. ఇరవై నాలుగో వల ఇంతవరకూ సముద్రం మొహం చూడలేదు. అది నా ఇంటి గోడకి ఉంది. ఈ బెండుని ఏ ఓడా తెంపలేదు, బుల్హాన్ బాబాయ్. కత్తితో కోశారు."

ఎవరు కోశారో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది కూడా. ఆ ఇంట్లోకి అడగకుండా వెళ్లగలిగేవాడు ఒక్కడే. అందరి తలలూ సమతర్ వైపు తిరిగాయి.

బుల్హాన్ మెల్లగా, "నీ కొడుకమ్మా" అన్నాడు.

"నా కొడుకే. నేను కన్నానని కట్టు మారుతుందా? పక్క ఊళ్లో పోయి 'మాది దొంగల రేవు కాదు' అని నేనింక ఏ మొహం పెట్టుకుని చెప్పను?" కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. "ఆ కాగే నీళ్లు పోసిన ఓడ ఏదో నాకు తెలుసు. నల్లటి పొట్ట, మీద ఎర్ర చార. అది వచ్చిన రోజున ముందు పడవలో నేనే కూర్చుంటాను, వేలు పెట్టి చూపిస్తాను. అప్పుడు నా మాట ఎవడైనా నమ్మాలంటే, ఇవాళ నేను నిజమే చెప్పాలి."

అప్పుడు సమతర్ కదిలాడు. పారిపోతాడని అనుకున్నారు కొందరు. వాడు తుపాకీ తీసి బుల్హాన్ కాళ్ల దగ్గర పెట్టి, సభ మధ్యకి వచ్చి నిలబడ్డాడు. తప్పు ఒప్పుకునేవాడు ముందుగా తన వంశం చెప్పాలి: నేను ఫలానా, ఫలానావాడి కొడుకుని, ఫలానావాడి మనవణ్ణి అని, తండ్రుల పేర్లు. అందులో తల్లి పేరుకి ఎక్కడా చోటు లేదు, ఎప్పుడూ లేదు.

"నేను సమతర్‌ని" అన్నాడు. తల్లి వైపు చూశాడు. మళ్లీ అన్నాడు. "నేను సమతర్‌ని. అవ్రల కొడుకుని. ఎగే కొడుకుని."

సభలో కలకలం రేగింది. ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సమతర్ ఆగకుండా తాతల్ని ఒక్కొక్కర్నీ చివరిదాకా అప్పజెప్పి, "ఆ బెండు కోసింది నేనే. వీళ్లు కాదు" అన్నాడు.

తప్పు దిద్దమని ఎవరో బుల్హాన్‌కి సైగ చేశారు. బుల్హాన్ కర్ర ఒళ్లో పెట్టుకుని, "సరిగ్గానే చెప్పాడు" అన్నాడు.

యెమెనీలకి నీళ్లు, ఖర్జూరాలు ఇచ్చి, ఇక్కడ వల వెయ్యొద్దని చెప్పి, మధ్యాహ్నం పోటుకి పంపేశారు. వెళ్లేముందు అవ్రల సాలిమ్‌ని కూర్చోబెట్టి, ఆ పది అతుకుల్లో మూడు విప్పి మళ్లీ కుట్టి చూపించింది. మిగతావి నువ్వే కుట్టుకు చావు అంది. సమతర్‌కి మూడేళ్లు సభలో మాట లేదన్నారు. వాడు తలూపాడు.

సాయంత్రం వాడు వెనక గదిలో ఇరవై నాలుగో వలని గోడ మీంచి దింపి, ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కోసిన బెండు తిరిగి కడుతున్నాడు. అవ్రల గుమ్మంలో నిలబడి చూసింది. ముడి తప్పు. లాగితే ఊడిపోతుంది.

వంకర ముడి కనబడితే ఊరుకోని మనిషి, ఆ పూట ఊరుకుంది. పెరట్లోకి పోయి, తెరచాప పందిరి కింద అందరి ముందూ వినబడిన తన పేరుని లోపల్లోపలే మళ్లీ విని, ఈసారి కళ్లు తుడుచుకుంది. ఆ తరవాత లోపలికి వచ్చి, కొడుకు పక్కన నేల మీద కూర్చుని, "జరుగు" అంది.