యిర్మియా ఊపిరి

"మెల్లగ తుడువు. నీ రొట్టెల పెంక కాదది."

శాంతిరాజ్ ఈ మాట డ్యూటీకి పోయేముందు, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ తలెత్తకుండా అంటాడు. ఎవాంజెలిన్ కూడా తలెత్తకుండానే తుడుస్తుంది. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టరంటే కిటికీలు బిగించుకున్నా లాభం లేదు. పొద్దున తుడిచిన చోట మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ కాగానే మళ్ళీ నల్లటి పొర. బియ్యం డబ్బా మూత మీద, గోడకున్న బైబిల్ వాక్యం పటం మీద, ఆరేసిన దుప్పట్ల మీద. పెళ్ళయి వచ్చిననాటి నుంచి ఆమె కాపురం చేసింది ఈ దుమ్ముతోనే, మొగుడితో చేసింది తక్కువ. కానీ ముందుగదిలో బల్ల మీదున్న సింథసైజర్ మీద మాత్రం దాన్ని వాలనివ్వదు. పాత నూలు చీర ముక్కతో ఒక్కో మెట్టూ, ఒక్కో బొత్తామూ తుడుస్తుంది. ఆ మిషన్‌ను ఎట్లా ముట్టుకోవాలో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ సంగతి చెప్పేవాడికి తెలియదా, తెలిసీ తెలియనట్టుంటాడా అన్నదే ఆమెకు ఇన్నేళ్ళయినా తేలలేదు.

శాంతిరాజ్ బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. హైదరాబాద్‌లో స్టూడియో మూసేస్తున్న ఒకాయన దగ్గర ముచ్చటపడి ఈ సింథసైజర్ కొనుక్కొచ్చాడు. మామూలు కీబోర్డులో వయొలినూ ఫ్లూటూ తయారుగా ఉంటాయి, నొక్కితే పలుకుతాయి. ఇది అట్లాంటిది కాదు, ఇందులో శబ్దాన్ని మనమే వండుకోవాలి. ఎంత పదునుండాలి, ఎంతసేపట్లో లేవాలి, ఎట్లా ఆరిపోవాలి, అన్నీ అంకెలే. ఆ అంకెలన్నీ రెండు వేళ్ళంత తెర వెనక, గదిలో గదిగా దాగి ఉంటాయి. కొన్నాళ్ళు తిప్పి తిప్పి విసుగొచ్చి, "డిగ్రీల కంప్యూటర్ చదివినవు గద, దీనికేదో సాఫ్ట్‌వేర్ ఉన్నదట, సూడు," అని కూతురు హర్షిణి చదువుకు కొన్న ల్యాప్‌టాప్‌ను భార్య ముందుకు తోశాడు. తోసి, మరిచిపోయాడు.

ఆమె మరిచిపోలేదు. మిషన్‌కూ ల్యాప్‌టాప్‌కూ నడుమ ఒక కేబుల్ తగిలించి ఆ సాఫ్ట్‌వేర్ తెరిస్తే, లోపల దాగిన గదులన్నీ ఇంటి పైకప్పు తీసి చూసినట్టు ఒక్క తెర మీద పరుచుకున్నాయి. ఒక గీతను పట్టుకుని సాగదీస్తే శబ్దం తెల్లారినట్టు మెల్లగా లేచింది, కుదిస్తే గిన్నె జారిపడ్డట్టు ఠక్కుమంది. ఆ రోజు పప్పు మాడింది, అత్త తిట్టింది, ఆమెకు ఒక్క మాటా చెవికెక్కలేదు. తను చేసే పనుల్లో నిలిచేది ఒక్కటీ లేదని ఆమెకు అప్పటిదాకా తోచలేదు. వండింది తినేస్తారు, తోమింది మళ్ళీ అంట్లవుతుంది, తుడిచింది మధ్యాహ్నానికి మాసిపోతుంది. ఇక్కడ మాత్రం సేవ్ అని నొక్కితే, కరెంటు పోయినా, మిషన్ మీద దుప్పటి కప్పి వదిలేసినా, మళ్ళీ మెట్టు నొక్కగానే ఆ శబ్దం తను విడిచిన చోటు నుంచే లేచి పలుకుతుంది. నేను చేసింది ఉంది అనుకోవడంలో ఎంత సుఖముందో! షిఫ్టు కూత చేసింది, గోదావరి బ్రిడ్జి మీద గూడ్సుబండి చేసింది, రేకుల మీద వాన చేసింది. చేసినదానికల్లా ల్యాప్‌టాప్‌లో ఒక నకలు దాచుకుంది.

ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక పద్ధతి ఉంది. తెరవగానే కనిపించేది మిషన్‌లో ఉన్నది కాదు, ఉత్త ఖాళీ. నీ దగ్గర ఏముందని ముందు మిషన్‌ను అడగాలి, దానికొక బాణం గుర్తు. అది చెప్పినాకనే మనది పంపాలి, దానికి ఎదురు బాణం. అడగకుండా పంపితే ఆ ఖాళీయే పోయి ఉన్న శబ్దాలన్నిటి మీదా కూర్చుంటుంది. ఎవాంజెలిన్ ఒక్కసారి కూడా అడగకుండా పంపలేదు. అడగడం ఆమెకు అలవాటే. ఆ ఇంట్లో ఉప్పు ఎక్కువైందా అన్నదాని నుంచి పుట్టింటికి పోవచ్చా అన్నదాని దాకా అన్నీ అడిగే చేసింది.

మామ యిర్మియా మంచాన పడ్డప్పుడు, ప్రైవేటు బడిలో ఆమె చేస్తున్న కంప్యూటర్ టీచర్ పని మానిపించారు. "ఇంట్ల ఉండుడే గద, అలిసిపోయేదేమున్నది," అన్నాడు శాంతిరాజ్. బాయి పని యిర్మియా ఊపిరితిత్తుల్ని తినేసింది. డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తే తన ఉద్యోగం కొడుక్కి ఇప్పించి, ముందుగదిలో మిషన్ పక్కనే మంచం వేయించుకున్నాడు. ఎవాంజెలిన్ చేసిన శబ్దాలను కుదురుగా విన్నది ఆయనొక్కడే. "గది మళ్ళ వాయించు బిడ్డా," అనేవాడు. ఆయనకు ఊపిరాడని రాత్రులు అత్తా కోడలూ వంతులేసుకుని కూర్చునేవాళ్ళు. శాంతిరాజ్‌కు ఫస్టు షిఫ్టు, లోపలిగదిలో తలుపేసుకుని పడుకునేవాడు. చివరి రోజుల్లో ల్యాప్‌టాప్ హర్షిణి పరీక్షలకు కావాల్సి వచ్చింది. ఎవాంజెలిన్ ఆ చిన్న తెర మీదనే ఒక్కో అంకె మారుస్తూ, ఒక చెవి హెడ్‌ఫోనుకు, ఒక చెవి మంచానికి ఇచ్చి, ఆయన ఊపిరిని చేసింది. గాలి లేస్తుంది, నడుమ తట్టుకుంటుంది, మెల్లగా దిగుతుంది. వినిపిస్తే ఆయన కళ్ళు మూసుకున్నాడు. "బాయిల ఫ్యాను గాలి గిట్లనే ఉంటది బిడ్డా. గా సప్పుడు ఇనవడ్డన్ని రోజులు ఫికర్ లేదు." ఆ వారంలోనే ఆయన పోయాడు. ఆమె మళ్ళీ ఆ సాఫ్ట్‌వేర్ తెరవలేదు. ఎవరికి వినిపించాలని?

తెరవకపోయినా మిషన్‌లో ఆ ఊపిరి ఉంది కదా. శాంతిరాజ్‌కు దొరికింది. గుడ్‌ఫ్రైడే ఆరాధనలో పాట వెనక మెల్లగా మోగిస్తే జనం కదలక మెదలక విన్నారు. పాస్టరయ్య మైకులోనే అడిగాడు, ఇదెక్కడి శబ్దం బ్రదర్ అని. "మా బాపు ఊపిరి అయ్యగారూ. పక్కన కూసొని నేనే చేసిన," అన్నాడు శాంతిరాజ్. గొంతు వణికింది కూడా. కేబుళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆడవాళ్ళ వరసలో కూర్చున్న ఎవాంజెలిన్, ఆ వణుకు నిజమే అయి ఉంటుందని తనకు తాను చెప్పుకుంది. ప్రతి ఆదివారం ఆ సంచీ మోసేది ఆమెనే. ఇంటికొచ్చాక అడిగింది, "బావా, అది నేను గద చేసింది?" మేనబావే మొగుడయ్యాడు, పిలుపు మారలేదు. అతను నవ్వాడు. "మనిద్దర్ల ఎవరైతే ఏంది? భార్యాభర్తలు ఏకశరీరమని వాక్యంల లేదా?" ఏకశరీరమే. ఆ శరీరానికి పేరు మాత్రం శాంతిరాజ్. పోనీ ఒక పాట నేను వాయిస్తానంటే, "కీబోర్డు కాడ ఆడిది కూసుంటె మంది పాట వింటరా, నిన్ను సూస్తరా?" అన్నాడు. పడుకున్నాక కూడా ఆ మాట ఆమెను గుచ్చుతూనే ఉంది.

మామ పోయి ఏడాది కావస్తోంది. ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. దానికి మైకుసెట్టు మాట్లాడడానికి శాంతిరాజ్ పోతే, సెట్టు నడిపే బిలాల్ ఆ ఊపిరి శబ్దం సంగతి ఎత్తాడు. మంచిర్యాలలో అతని ఆర్కెస్ట్రాకూ ఇలాంటి మిషనే ఉందట. "మా కీబోర్డు పిల్లగానికి ఓ కాపీ ఇస్తవా అన్నా?" అంటే, "అదెంత పని, ఇంటికి రా," అన్నాడు శాంతిరాజ్. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే విన్నాం, పెళ్ళాం సొమ్ము మొగుడు దానం చేయడమూ కొత్తేం కాదు గానీ దాన్నెవరూ సామెత అనరు, సంసారమంటారు.

బిలాల్ వచ్చిన మధ్యాహ్నం ఎవాంజెలిన్ వంటింట్లో చాయ్ పెడుతోంది. ముందుగదిలో ల్యాప్‌టాప్ తెరిచిన చప్పుడు వినపడింది. పిలుస్తాడేమోనని చూసింది. పిలవలేదు. ఎట్లా పిలుస్తాడు? చేసింది తనేనని చెప్పుకున్నవాడు, ఎట్లా తెరవాలో పెళ్ళాన్ని అడుగుతాడా? "ముందు మిషన్ల ఉన్నది రప్పియ్యాలె గదన్నా?" అంటున్నాడు బిలాల్. "నాకెర్కనే తియ్," అన్నాడు శాంతిరాజ్. కాసేపటికి మెట్టు నొక్కాడు. కుయ్‌మని బోడి కూత ఒకటి వచ్చింది. దాచిన శబ్దాల్లో ఇంకో నంబరుకు మార్చి నొక్కాడు. మళ్ళీ అదే కూత. ఇంకో నంబరు, ఇంకో నంబరు, అన్నింట్లో అదే. ఎవాంజెలిన్ చూడకుండానే తెలుసుకుంది. చేతిలో చాయ్ వడగట్టే జాలీ అట్లాగే పట్టుకుని, మామ రెండోసారి పోయాడు అనుకుంది.

చాయ్ తెచ్చి ఇచ్చింది. బిలాల్ ఆమె ముఖంలోకి చూసి, తల దించుకుని, తాగకుండానే లేచాడు. "లో వోల్టేజ్ వచ్చినట్టున్నది," అన్నాడు శాంతిరాజ్. బిలాల్ గడప దాటాక అతని గొంతు మారింది. "ఏదో పోయింది. నువ్వైతే జల్ది చేస్తవు. ఆదివారం గా సౌండ్ లేకుంటె నా ఇజ్జత్ ఏం గావాలె?"

"మిగిలినయన్నీ ల్యాప్‌టాప్ల ఉన్నయి. మామది ఒక్కటి లేదు. అది మిషన్లనే చేసిన."

"ఒక్కటే గద. నాలుగు నంబర్లు మార్చుడే గద."

నువ్వైతే అన్న మాట అతని నోట వినడం అదే మొదలు. దానికోసం ఆమె ఎంత ఎదురుచూసిందో, తీరా వచ్చేసరికి దాన్ని తీసుకుని ఏం చేసుకోవాలో తెలియలేదు.

మర్నాడు అతను డ్యూటీకి పోయాక కూర్చుంది. అతని ఇజ్జత్ కోసం కాదు. మామ కావాలి ఆమెకు. గాలి తెచ్చింది, మెల్లగా లేపింది, దించింది. ఎన్నిసార్లు చేసినా అది గాలిగానే ఉంది, మనిషి కావడం లేదు. యిర్మియా మంచం మీద ఇప్పుడు అత్త సువార్త పడుకుంటుంది. గోడవైపు తిరిగి ఉన్నది ఉన్నట్టే అంది:

"గట్ల కాదు. లేసేటప్పుడు గంత సాఫ్‌గ లేవకుండె. రెండు కాడ్ల తట్టుకుంటుండె."

ఎవాంజెలిన్ చెయ్యి ఆగింది. తర్వాత తెర మీద లేస్తున్న గీతను రెండు చోట్ల విరిచింది.

"ఆఁ. దిగినంక ఇంకింత ఆగాలె. గప్పుడే నాకు పానం జల్లుమంటుండె, లేసి కూసుంటుంటి."

ఆగేలా చేసింది. మెట్టు నొక్కి పట్టుకుంది. గదిలోకి యిర్మియా వచ్చాడు. సువార్త లేచి కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ ఆ ఊపిరి దిగేదాకా, ఆగేదాకా, మళ్ళీ లేచేదాకా విన్నారు.

"గుడిల వాడు ఇది వాయించినప్పుడల్ల నేను బైటికెందుకు పోతుంటి అనుకున్నవ్?" అంది సువార్త. "వాడు చేసిండంటె నమ్మలె. వాడు గీ గదిలకు ఎన్నడొచ్చిండు, రాత్రి?"

"ఎరికుండి కూడ ఒక్కనాడు చెప్పలేదేంది అత్తమ్మా?"

"కొడుకు ఇజ్జత్ మందిల తీస్తనా?" అని మళ్ళీ గోడవైపు తిరిగింది. ఎవాంజెలిన్‌కు మొగుడి మీద కూడా రానంత కోపం వచ్చింది ఆమె మీద. అతని అబద్ధం కంటే అంతా తెలిసిన ఈమె మౌనం బరువనిపించింది. కానీ ఆ రెండు తట్టుకోవడాలూ, ఆ ఆగడమూ చెప్పింది ఈమెనే. వాటిని ఇంకెవరూ చెప్పగలిగేవాళ్ళు కారు. కోపం కోపంగానే ఉంది, దాని పక్కనే ఇది కూడా ఉంది. అంతలో బ్లాస్టింగ్ అయింది, కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఆమె దుమ్ము తుడవడానికి లేవలేదు. శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లో సేవ్ చేసి, కేబుల్ పీకేసింది. మిషన్‌లో మాత్రం సేవ్ చేయకుండానే కరెంటు తీసేసింది.

సాయంత్రం శాంతిరాజ్ హెల్మెట్ తీయకుండానే అడిగాడు. "అయిందా?"

"అయింది."

ఆమె ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి పెట్టుకున్నది వినిపించింది. అతను హెల్మెట్ తీశాడు. నిజంగానే కళ్ళు తడిశాయి, ఆమె చూసింది. జాలి కూడా పడింది. అప్పుడతను అన్నాడు, "శాబాష్. మిషన్ల ఎక్కియ్యి. ఒకసారి వాయించి సూసుకుంట."

"ఎక్కిస్త. ఆదివారం నేను వాయిస్త."

అతను నవ్వబోయి తల్లి వైపు చూశాడు. ఎన్నడూ లేనిది, సువార్త కొడుకు చూస్తున్నాడని తెలిసీ గోడవైపు తిరగలేదు.

"పిచ్చి లేసిందా? చేసింది నేనని అయ్యగారికి, మందికి అందరికి చెప్పిన. ఇప్పుడు నువ్వు కూసుంటె ఏమనుకుంటరు?"

"ఏమనుకుంటరో నువ్వే చెప్పు."

అతను ఒకసారి బల్ల మీది మిషన్‌నూ, ఒకసారి ఆమె ఒళ్ళోని ల్యాప్‌టాప్‌నూ చూశాడు. వాటి నడుమ కేబుల్ లేదు. ఉన్నా, ఏ బాణం నొక్కాలో అతనికి తెలియదు, తెలియదని ఇద్దరికీ తెలుసు. ఆమెకు భయం వేసింది. అయినా ల్యాప్‌టాప్ మూసి, చీర ముక్క తీసుకుని, మెట్ల మీద మధ్యాహ్నం పడ్డ దుమ్మును ఒక్కొక్కటిగా, తనకు తెలిసినట్టు తుడిచింది.

"ఆదివారం ఎనిమిది గంటలకల్ల పోవాలె బావా," అంది తలెత్తకుండా. "కేబుళ్ళ సంచీ నువ్వు పట్టుకరా."