పరగడుపు మాత్ర

మా మరిది రాకేశ్‌కు హెచ్‌ఐవీ మందు పనిచేయకపోవడానికి నేనిచ్చిన గ్యాస్ మాత్రే కారణమా అన్న అనుమానం నన్ను నాలుగేళ్లుగా తొలుస్తూనే ఉంది. రాయదుర్గంలో క్యాబ్ నడిపే అతనికి కడుపులో మంట. రోజూ పూజ కాగానే తీర్థంతో పాటు ఆ మాత్రనూ నేనే చేతిలో పెట్టేదాన్ని. రక్తంలో వైరస్ పెరిగినప్పుడు, ఇంకేమైనా వాడుతున్నాడా అని డాక్టరమ్మ అడిగింది. గ్యాస్ మాత్రను ఎవరు మందు అనుకుంటారు? లేదన్నాను. పైగా మందులు ఎగ్గొడుతున్నాడని నిందించి, దేవుడి ముందు ఒట్టు వేయించాను. ఒక్క మాత్రా ఎగ్గొట్టలేదని అతను నిజమే చెప్పాడు. నేనే నమ్మలేదు. మరి నాది ఏపాటి భక్తి?

మందు మార్చాక కోలుకున్నాడు గానీ, మళ్లీ నా చేతి తీర్థం తీసుకోలేదు.

నిన్న ధైర్యం చేసి డాక్టరమ్మనే అడిగాను.

“ఆ పాత మందు ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలమ్మా. గ్యాస్ మాత్ర దాన్నే తగ్గిస్తుంది. అప్పుడే చెప్పాల్సింది.”

ఇంటికొచ్చేసరికి రాకేశ్ క్యాబ్ కడుగుతున్నాడు. అంతా చెప్పాను.

“గీ మాట చెప్పనీకి నాలుగేండ్లా వదినా? ట్రాఫిక్‌ల ఇరుక్కున్నవా ఏంది?”

నాకు నవ్వు రాలేదు.

“నువ్వు ఒక్క మాత్ర ఎగ్గొట్టలే. తప్పు నాదే. నన్ను మాఫ్ చెయ్యి, రాకేశూ.”