జల్లించిన పిండి పది గ్లాసులు

బేకరీ మా అన్నయ్యది, బిస్కెట్లు నావి. బోర్డు మీద మాత్రం ఆయన పేరే ఉంటుంది, ఆ గోల మనకెందుకు? మొగుడితో తెగతెంపులు చేసుకుని వచ్చి ఆ బేకరీ వెనక గదిలో పడ్డాను. ఇరవై రెండేళ్లు పిండి కలిపాను. కలిపినంత కాలం ఇక్కడెందుకున్నావని నన్నెవరూ అడగలేదు.

మేనల్లుడు చదువు ముగించి కౌంటర్లో కూర్చున్నాక వాడి కన్ను నా గాజు గ్లాసు మీద పడింది.

"గ్లాసుల లెక్కేంటత్తా? ఒకరోజు నిండుగా, ఒకరోజు వెలితిగా! అన్నీ గ్రాముల్లో రాసేద్దాం" అంటూ తూకం మిషను కొనుక్కొచ్చాడు.

"రాసుకోరా, నాకేం భయం?" అన్నాను. నిజానికి భయమే. నా నోరు ఊరుకుంటుందా?

పొయ్యి దగ్గర నుంచే ఒక్కొక్కటీ చెప్పాను. "జల్లించిన పిండి పది గ్లాసులు" అన్నాను. వాడు "పిండి పది గ్లాసులు, జల్లించాలి" అని రాసుకున్నాడు. ఏముంది, ఒక్క మాట అటుదిటయింది. బస్తాలో గ్లాసు ముంచి, అదిమి తూచి, ఆ అంకె వేసుకున్నాడు. మర్నాడు నన్ను ప్యాకింగులో కూర్చోబెట్టి తనే కలిపాడు.

బిస్కెట్లు బండరాళ్లయ్యాయి. ఎప్పుడూ వచ్చే రిటైర్డ్ మాస్టారు పొట్లం తిరిగి తెచ్చి, "ఇవి అమ్మేటప్పుడు పళ్ల డాక్టరు చీటీ కూడా ఇవ్వండమ్మా" అన్నారు. మూడు రోజులు అదే వరస. నాలుగో రోజు పొద్దున అన్నయ్య నన్ను పిండి బల్ల దగ్గరికి పిలిచాడు.

"ఏదో దాచావు" అన్నాడు. "తిన్న ఇంటికి ద్రోహం చేస్తావనుకోలేదు."

ఒళ్లు మండిపోయింది. ఎక్కడ తప్పు జరిగిందో బల్ల మీదున్న మేనల్లుడి లెక్కల పుస్తకం చూడగానే తెలిసిపోయింది. నోరు మూసుకుంటే చాలు. తిట్టుకుంటూనైనా మళ్లీ నన్నే కలపమంటారు, గది నాకుంటుంది. కానీ తోడబుట్టినవాడి నోట దొంగననిపించుకుని ఆ గదిలో ఎలా పడుకోను?

"ఇటు రారా, కళ్లు తెరిచి చూడు" అని మేనల్లుణ్ణి పిలిచాను. వాడిలాగే బస్తాలో గ్లాసు ముంచి, అదిమి తూచాను. నూట యాభై గ్రాములు. ఈసారి పిండి జల్లించి, చెంచాతో వదులుగా గ్లాసులో పోసి, పైన చాకుతో గీసి తూచాను. నూటపదిహేను.

"జల్లిస్తే పిండి గుల్లబారుతుందిరా. గ్లాసుకి ముప్ఫై అయిదు గ్రాములు తేడా. పది గ్లాసులకి ఎంతో నువ్వే చూసుకో, చదువుకున్నావుగా!"

వాడి మొహం మాడిపోయింది. అయినా పాత అంకె కొట్టేసి, కొత్తది వేసుకుని, కింద రెండు గీతలు గీశాడు. "ముందే సరిగ్గా చెప్పొచ్చుగా అత్తా" అన్నాడు. చూశారా, అదీ నా తప్పే!

ఆ మధ్యాహ్నం వాడు కలిపిన బిస్కెట్లు నోట్లో వేసుకుంటే కరిగిపోయాయి. అన్నయ్య ఒకటి తిని, "అచ్చం నీ చేతివే" అన్నాడు. ఎన్నేళ్లకి మెచ్చుకున్నాడో! కళ్లు చెమ్మగిల్లాయి, పిచ్చిదాన్ని. రెండోది తింటూ, "చాలా కష్టపడ్డావమ్మా, ఇక విశ్రాంతి తీసుకో. వెనక గదిలో పిండి కలిపే మిషను పెడతానంటున్నాడు వాడు. నెలాఖరుకి ఖాళీ చేస్తే చాలు" అన్నాడు.

గది అడగలేదు, పని అడగలేదు.

"నేను దొంగను కాదని ఒక్కమాట అను అన్నయ్యా" అన్నాను.

"ఇప్పుడవన్నీ ఎందుకులే" అని చేతులు దులుపుకున్నాడు.