మానికెల యాదయ్య కంపూటర్ బేరం

మా బావ యాదయ్యకు దునియల తెల్వని ముచ్చట లేదు. 'నాకు తెల్వదు' అనే మాట ఆయన నోట్లె ఎన్నడు పుట్టలే. మా ఆయనకు సొంత అన్న. కేతేపల్లిల గింజల యాపారం జేస్తడు. దుకాన్ల రెండు మానికెలుంటయి. రైతుల కాడ కొన్నప్పుడు పెద్దదానితోని కొలుస్తడు, కూలోల్లకు అమ్మినప్పుడు చిన్నదానితోని కొలుస్తడు. ఆయన తెలివంత గంతే. దాంతోనే మేడ గట్టిండు, ఊర్ల పెద్దమనిషైండు. థూ, అదీ ఒక పెద్దరికమేనా!

నేను నల్గొండల ఒకల్ల ఇన్‌స్టిట్యూట్ల టైపు నేర్పుతుంటి. ఆర్నెల్లు పట్నం పొయ్యి కంపూటర్ నేర్చుకొని తొంభై ఒకటి ఎండకాలంల వచ్చిన. ఆడపిల్లల కాలేజీ ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిచి, "కౌసల్యా, జులై పదిహేను లోపట మిషన్ తెచ్చి పెట్టు. నలభై మందిని నీ కాడికే పంపుత. నువ్వు తేకుంటె పట్నపోల్లు వస్తమంటున్నరు, వాల్లకిస్త" అన్నది. నా పేరుతోని ఒక బోర్డు, నా చేతుల ఒక తాళంచెవి. గంతకంటె ఎక్కువ నేనేం కోరలే. మా అమ్మ పెట్టిన గొలుసు, గాజులు అమ్మిన. దాసుకున్న పైసలు కలిపిన. పట్నం దుకానాయన ముప్పై ఎనిమిది వేలన్నడు. "జూన్ ఆఖరు దాకనే గీ ధర. తర్వాత డాలరెట్లుంటె గట్ల" అని గూడ చెప్పిండు.

రేపు పోయి కొందామనంగ దిగిండు మా బావ. చాయ తాగుకుంట మొదలువెట్టిండు.

"పట్నంల కొంటరా? మీకేమన్న పిచ్చి లేసిందా? నేపాల్ల మన నూరు రూపాయలు నూట అర్వై ఎనిమిదైతయి. ఈడ ముప్పై ఎనిమిది వేలంటె ఆడ గూడ ముప్పై ఎనిమిది వేలే ఉంటది. గని ఆల్ల రూపాయలల్ల! మనకు ఇరువై మూడు వేలల్ల వడ్తది."

నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

"బావా, ఆల్ల రూపాయి అనే మానికె చిన్నదైతె ఎక్కువ మానికెలు అడుగుతరు గదా. మాలు గదే గదా! పైంగ ఆల్లు గూడ డాలర్లు పెట్టే తెచ్చుకుంటరు" అన్న.

"ఇరువై ఏండ్ల సంది కొలిచి బతుకుతున్న. నాకే కొలతలు నేర్పుతున్నవా పిల్లా?" అని పక్కున నవ్విండు.

"మరి సరిహద్దుల కస్టమ్సోల్లు ఊకుంటరా?"

"బియ్యం బస్తాల వెట్టి తెస్త. నాకిడిసిపెట్టు."

ఇగ మా ఆయన సంగతి ఏం జెప్పాలె? అన్న ముందట నోరు లేవదు. "అన్నకు తెల్వదా?" అనుకుంట బీరువ దీసి పైసలన్ని ఆయన చేతుల వోసిండు. నేను మధ్యల నిలబడి వద్దు వద్దని మొత్తుకున్న. ఇద్దరికి ఇద్దరు నన్ను గోడను చూసినట్టు చూసిండ్రు.

బావ రైలెక్కి నేపాల్ సరిహద్దుల ఉన్న రక్సౌల్ పోయిండు, ఆడికెల్లి ఖాట్మండు పోయిండు. ఆడ ఏమైందో తర్వాత ఆయన నోటితోనే విన్న. మొదటి దుకాన్ల ఆల్ల రూపాయలల్ల అర్వై ఆరు వేలు చెప్పిండ్రంట. లెక్క గడితె మన పట్నం ధర కంటె జర ఎక్కువే. అప్పుడన్న బుద్ధి తెచ్చుకొని తిరిగొస్తె జూన్ దాటకపోవు. లేదు! దుకానపోడే దొంగ అనుకున్నడంట. దొంగకు లోకమంత దొంగలే కనవడ్తరు. దుకానం దుకానం తిరిగి అయిదు దినాలు బేరమాడిండు. గంతల జులై వచ్చింది. మన సర్కారు ఒక్క వారంలనే రెండు సార్లు రూపాయి విలువ దించింది. మన రూపాయి ఎంబడే నేపాల్ రూపాయి గూడ దిగింది. తెల్లారి పోతె గా మొదటి దుకానాయనే డెబ్బై ఎనిమిది వేలన్నడంట. మన యాపారి ఒక స్వెట్టర్ కొనుక్కొని ఇంటి తొవ్వ వట్టిండు.

వచ్చినోడు తలకాయ దించుకోవాలె గదా. దించుకోలే. నోట్ల కట్టలు నా ముందట వెట్టి, "సూస్కో పిల్లా, ఒక్క రూపాయి తక్కువ లేదు. చార్జీలు గూడ నేనే వెట్టుకున్న" అన్నడు, నాకేదో దానం జేసినట్టు.

గా కట్టలు సంచిల వేసుకొని పట్నం ఉరికిన. దుకానాయన నలభై ఆరు వేలన్నడు. బతిమిలాడిన. "డాలర్ పెరిగిందమ్మా, నేనేం జెయ్యాలె?" అన్నడు. అటే బంగారం దుకాన్లకు పోయి నా గొలుసుకు ఇప్పుడెంతైతదని అడిగిన. అది గూడ పెరిగింది. అమ్మకుండ ఉంచుకున్న బాగుండు. పైసలు గవ్వే ఉన్నయి, గని వాటికి కంపూటరూ రాదు, అమ్మిన బంగారమూ తిరిగి రాదు. బస్సుల కూసోని నల్గొండ దాక ఏడ్చిన. పక్క సీటామె చచ్చిందెవరమ్మా అని అడిగింది.

జులై పదిహేను పోయింది. పట్నపోల్లు కాలేజీ పక్కనే సెంటర్ తెరిచిండ్రు. నేర్పెటోల్లు నల్గొండల దొర్కక నన్నే పిలిచిండ్రు. నెలకు ఆరు వందల జీతం. ఇది విని మా బావ స్వెట్టరేస్కొని ఉక్కల వచ్చిండు. "నౌకరి దొర్కింది, పైసలు ఇంట్ల పదిలంగున్నయి. నా పుణ్యమే గదా" అన్నడు. అసుంటోనికి జవాబిస్తె నా నోరే ఖరాబైతది.

మొదటి దినం నలభై మంది పిల్లలు కూసున్నరు. ప్రిన్సిపాల్ మేడం నాకిస్తనన్న నలభై మందే. మిషన్ మీద గుడ్డ దీసి మీట నొక్కిన. తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చినయి. పిల్లలంత చప్పట్లు కొట్టిండ్రు. ముందట కూసున్న జాహేదా అనే పిల్ల లేచి నిలబడ్డది.

"మేడం, గీ కంపూటర్ మీదేనా?"

కాదన్న.