తొట్టిలో చెయ్యి

"మా ఆవిడ ఏ పనీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు భర్త. ఏం పని చేస్తావని డాక్టరమ్మ అడిగింది ఆమెని. బల్ల మీద చాపిన చెయ్యి కూడా ఆమెదే. చూపుడువేలి మీద కందిగింజంత లేచిన పుండు మానకపోగా, దాని వెనకే ఇంకోటి, ఆ వెనక మరోటి, మణికట్టు దాకా వరసకట్టాయి. ఇంట్లో ఉండే మనిషికి ఏ ముల్లో గుచ్చుకుని ఉంటుందనుకుని డాక్టరమ్మ మందులు రాసిచ్చింది. ఆవిడనీ తప్పుపట్టలేం, విన్నదాన్నిబట్టే రాసింది.

ఆ ఏ పనీ చెయ్యని మనిషి పొద్దున్నే వంట ముగించుకుని పెరటి షెడ్డులోకి దిగుతుంది. గోడల పొడవునా గాజుతొట్లు, వాటి నిండా రంగుచేపలు. వ్యాపారం ఆయనది, బోర్డు మీద పేరు ఆయనది, కొనేవాళ్లొస్తే చొక్కా నలక్కుండా నిలబడి మాట్లాడేదీ ఆయనే. తొట్టి అడుగున పేరుకునే పెంట మాత్రం ఈమె వాటా. రబ్బరు గొట్టం నోట పెట్టి నీళ్లు లాగాలి, మోచేతి దాకా ముంచి నాచు గీకాలి, చచ్చినవాటిని ఏరిపారెయ్యాలి. కొత్త చేపలు దిగినప్పుడల్లా ఆయన యాంటీబయాటిక్ గొట్టం మాత్రల డబ్బా ఆమె ముందు పడేస్తాడు. సగం ఎరుపు, సగం పసుపు. వాటిని బఠాణీలు ఒలిచినట్టు విప్పి, పొడి గిన్నెలోకి రాల్చి, జబ్బున్న తొట్టిలోనూ లేని తొట్టిలోనూ కలపాలి. "రోగం వచ్చేదాకా ఆగుతామా, ముందే పోసెయ్" అంటాడు. అత్తగారు గుమ్మంలో కూర్చుని, "చేపలతో ఆడుకోవడం కూడా ఒక పనేనా అమ్మాయ్" అని నవ్వుతుంది. ఓ రోజు పగిలిన గాజు అంచు తగిలి వేలు తెగింది. గుడ్డ చుట్టుకుంటుంటే, "బేరానికి మనుషులొస్తున్నారు, తొట్లు మెరవాలి" అన్నాడాయన. ఆమె గుడ్డ విప్పేసి మళ్లీ చెయ్యి ముంచింది. ఎందుకు ముంచావని ఇప్పుడు తనని తాను ప్రశ్నించుకుంటే ఒళ్లు మండిపోతుంది.

ఇంటికొచ్చి మందుల పొట్లం విప్పింది. సగం ఎరుపు, సగం పసుపు గొట్టాలు. ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లుగా తన చేత్తో తానే ఆ నీళ్లలో కలుపుతున్న మందు ఇది. ఆ నీళ్లలో పుట్టి, ఆ మందులోనే ఈదుతూ పెరిగిన క్రిమికి ఇదొక లెక్కా? అయినా రాసినన్నాళ్లూ మింగింది. పుండ్లు ఇసుమంతైనా తగ్గలేదు. వేలు వంగడం మానేసింది. జాకెట్టు హుక్కు పెట్టుకోలేక, జడ వేసుకోలేక, అద్దం ముందు నిలబడి భర్తని నోటికొచ్చినట్టు తిట్టుకుంది, మనసులోనే.

"మళ్లీ వెళ్దాం. ఈసారి చేపల సంగతి చెబుదాం" అంది అన్నం వడ్డిస్తూ.

ఆయన ముద్ద ఆపాడు. "ఆ మాట ఎత్తావంటే చూడు. మన చేపల వల్ల చెయ్యి కుళ్లిందని పదిమందికీ పాకితే మన గడప ఎవడు తొక్కుతాడు? వేలే కదా, మానుతుందిలే."

వేలే కదా. ఆయన చెప్పు కరిచి బొబ్బెక్కితే ఇల్లంతా ఆయన చుట్టూ కాలు కిందపెట్టకుండా తిరగాల్సి వచ్చింది. ఈ వేలితోనే ఆయన తిండీ, బట్టా, వ్యాపారం నడిచాయి, అది ఊడిపోతే మాత్రం వేలే కదా. పోనీ అని ఊరుకోవడానికి ఆమెకి ఇక పోనిచ్చేదేమీ మిగల్లేదు.

ఆమె పట్టుబట్టి బయల్దేరితే, రెండోసారీ ఆయన వెంట వచ్చాడు, ఈసారి కాపలాగా. డాక్టరమ్మ వేలు పట్టుకుని చూస్తుండగానే, ఆయన నోరు తెరవకముందే ఆమె చెప్పేసింది. "నేను ఊరికే ఉండనండీ. రోజూ చేపల తొట్లు కడుగుతాను. మీరిచ్చిన మందే వాటిలో కలుపుతాను. జబ్బున్నా లేకపోయినా కలుపుతాను, ఆయన కలపమంటాడు."

డాక్టరమ్మ కలం కింద పెట్టి, పుండులోంచి చిన్న ముక్క తీయించి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టింది. "ఇది చేపల నీళ్లలో ఉండే క్రిమి. మీ తొట్లలోది ఆ మందుకి ఎప్పుడో అలవాటుపడిపోయింది. వేరే మందులు నెలల తరబడి వాడాలి. ఇంకా ఆలస్యమైతే వేలు తీసెయ్యాల్సి వచ్చేది." తర్వాత ఆయన వైపు తిరిగింది. "జబ్బులేని చేపకి మందెందుకండీ? ఆ నీళ్లు పారినచోటికల్లా ఈ క్రిమీ పోతుంది."

"అబ్బే, మావి శుభ్రమైన నీళ్లు మేడమ్" అన్నాడాయన.

దారి పొడవునా సణిగాడు. పరాయివాళ్ల ముందు పరువు తీసిందట, ఇంటి గుట్టు బజారున పెట్టిందట. ఆమె బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆకలి వేస్తున్నట్టనిపించింది.

సాయంత్రం ఆయన బజారుకెళ్లి ఒక సంచి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు. చిన్న సైజువి, ఆమె కొలత అడక్కుండానే సరిగ్గా తెచ్చాడు. అంటే ఇవి దొరుకుతాయని ఆయనకి తెలుసు. ఎక్కడ దొరుకుతాయో కూడా తెలుసు.

"ఇక భయం లేదుగా. రెండు రోజులుగా తొట్లు కంపు కొడుతున్నాయి, లే" అన్నాడు.

ఆమె తొడుగుల్ని సంచిలో పెట్టి ఆయన చేతికిచ్చింది.

"ఇవి మీకు పట్టవు. మీ సైజువి తెచ్చుకోండి."